గ్యాస్ అయిపోతే ఎక్కడికి పోయినట్టు?

మా అత్తయ్యకు ఎనభై మూడేళ్లు. విజయవాడ మొగల్రాజపురంలో మూడంతస్తుల అపార్ట్‌మెంటు మాది, మేముండేది పై అంతస్తు. అత్తయ్య గదికి పడమటి గోడ. మే నెలలో సాయంత్రం ఆరు దాటాక కూడా ఆ గోడకు అరచెయ్యి ఆనిస్తే, దించి పావుగంటైన పాలగిన్నెను తాకినట్టు ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో ఆ గదిలో ఏసీ పనిచేయకపోతే ఆమెకు రెండో రోజుకే నీరసం, మూడో రోజుకు సెలైన్. అందుకే ఏసీ బాగుచేసే మనిషిని ఎంచుకోవడం మా ఇంట్లో డాక్టరును ఎంచుకున్నంత పని. ఆ పనిలో నేను వరుసగా మూడు వేసవులు తప్పు చేశాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

2021 మార్చిలో ఆ గదికి ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొన్నాము. మరుసటి ఏప్రిల్‌కే గాలి వస్తోంది కానీ చల్లదనం లేదు. ఏడాది వారంటీ అప్పటికి నెల కిందటే ముగిసింది. మెకానిక్ వచ్చాడు. రిమోట్‌లో పదహారుకు తగ్గించి, గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, ఎక్కించాలి" అన్నాడు. 2,800 రూపాయలు ఇచ్చాను. 2023లో ఇంకొకరు వచ్చారు, అదే మాట, 3,200. 2024లో మూడో ఆయన, అదే మాట, 3,500. ఎక్కించిన ప్రతిసారీ వేసవి గడిచేది. మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి అత్తయ్య తడిగుడ్డ మెడకు చుట్టుకుని, హాల్లోకి వచ్చి కూర్చునేది.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పాను నేను. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుందని, ఆవిరి మళ్లీ ద్రవమయ్యేటప్పుడు ఆ వేడిని వదిలేస్తుందని, దాన్నే గుప్తోష్ణం అంటారని ఎన్ని తరగతులకు చెప్పి ఉంటానో! ఏసీలో జరిగేది అంతే. గదిలోని కాయిల్‌లో ఏసీ గ్యాస్ ఆవిరై వేడిని తీసుకుంటుంది, బయటి యూనిట్‌లో కంప్రెసర్ నొక్కితే ద్రవమై ఆ వేడిని బయట వదులుతుంది. అదే గ్యాస్ మూసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మా వంటింట్లో ఫ్రిజ్ 2009లో కొన్నది, ఈనాటికీ ఒక్కసారి కూడా దానికి గ్యాస్ ఎక్కించలేదు. మరి ఏసీలో ఏటా ఎలా అయిపోతుంది? అయిపోతే ఎక్కడికి పోయినట్టు? ఈ ప్రశ్న మొదటి ఏడాదే అడగవలసింది. ఎండ, అత్తయ్య ఆరోగ్యం, ఫోను చేస్తే వారానికి గానీ దొరకని మెకానిక్, ఈ మూడూ కలిసి నా నోరు నొక్కేశాయి. వచ్చిన మనిషి వెళ్లిపోతాడేమోనన్న భయంతో ఏమీ అడగలేదు.

నాలుగో ఏడు పద్ధతి మార్చాను. ఇరుగుపొరుగును అడగలేదు, ఫోనులో రేటింగు నక్షత్రాలు చూసి ఎంచుకోలేదు. మా వీధి చివర మందుల దుకాణానికి వెళ్లాను. అక్కడ ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. ఒక్క రాత్రి తేడా వచ్చినా ఆ దుకాణదారుకు వేలల్లో నష్టం, మందు వాడే మనిషికి అంతకంటే పెద్ద నష్టం. "మీ ఫ్రిజ్ ఎవరు చూస్తారండీ?" అని అడిగాను. ఆయన మారు ఆలోచన లేకుండా ఒక నంబరు రాసిచ్చాడు. ఆరేళ్లుగా ఆ ఒక్క మనిషే చూస్తున్నాడట. చల్లదనం మీద బతికేవాళ్లను అడగాలని అప్పుడే అర్థమైంది. మందుల దుకాణం, ఐస్‌క్రీం దుకాణం, పాలకేంద్రం, వీళ్లు పనికిమాలిన మెకానిక్‌ను రెండోసారి పిలవరు.

ఆయన ఫోనులోనే నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఏసీ ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు గ్యాస్ ఎక్కించారు, బయటి యూనిట్ మీద అంటించిన కాగితంలో ఏ గ్యాస్ అని ఉంది, ఎంత బరువు అని ఉంది. ఆ కాగితం ఉందని కూడా నాకు తెలియదు. మా వాచ్‌మన్ కొడుకు డాబా మీది నుంచి వంగి ఫోటో తీసిచ్చాడు. ఆర్-32, 850 గ్రాములు అని స్పష్టంగా ఉంది. అంతకు ముందు వచ్చిన ముగ్గురిలో ఒక్కరూ దాన్ని చూడలేదు, ఒక్కరూ తూకం తేలేదు. సిలిండర్ తగిలించి, గేజ్ ముల్లు చూసి, "చాలు" అన్నారు.

మర్నాడు సాయంత్రం అయిదింటికి వచ్చాడు. వస్తూనే పని మొదలుపెట్టలేదు. ఏసీ వేసి పావుగంట ఆగమన్నాడు. నా దగ్గర బడి రోజుల నాటి థర్మామీటరు ఒకటుంది. ఇవ్వమంటే సంతోషంగా తీసుకున్నాడు. గదిలో 33 డిగ్రీలు, ఏసీ నుంచి వచ్చే గాలిలో 27. "కనీసం పది డిగ్రీలైనా తేడా ఉండాలమ్మా, ఇక్కడ ఆరే ఉంది" అని తన పుస్తకంలో రాసుకున్నాడు. నాకు నమ్మకం కుదిరింది ఆ క్షణంలోనే. ముందు కొలిచాడు, తరువాత మాట్లాడాడు.

తరువాత అడిగిన మాట నేను జన్మలో మరిచిపోలేను. "పక్క గదిలో దీపం వెలుగుతోందా అమ్మా? కొండెక్కించండి." అత్తయ్య సంధ్యాదీపం అప్పుడే పెట్టింది. ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంటుందట. గ్యాస్ పైపులు విప్పే ముందు ఇంట్లో నిప్పు ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉంచాలి. మూడేళ్లుగా ముగ్గురు మనుషులు ఇదే గదిలో ఇదే గ్యాస్‌తో పనిచేసి వెళ్లారు. ఆ మూడుసార్లూ పక్క గదిలో దీపం వెలుగుతూనే ఉంది.

ఒక సీసాలో సబ్బునీళ్లు కలిపి, బ్రష్‌తో పైపు జాయింట్ల మీద ఒక్కొక్కదానికీ పూశాడు. బయట రెండు జాయింట్లు, లోపల రెండు. లోపలి యూనిట్ వెనక, గోడకూ పెట్టెకూ మధ్య, నల్లటి స్పాంజి తొడుగు విప్పి లావు పైపు నట్టుకు సబ్బునీళ్లు రాశాడు. "రండమ్మా, చూడండి" అని టార్చి వేశాడు. ముందు ఏమీ కనిపించలేదు. కాసేపటికి నట్టు కింది అంచున ఆవగింజంత బుడగ పుట్టింది. మెల్లగా మిరియం గింజంత అయింది, పగిలింది. మళ్లీ అదే చోట ఇంకొకటి. నేను కళ్లజోడు సరిచేసుకుని అయిదు బుడగలు లెక్కపెట్టాను. మూడేళ్ల డబ్బు, అత్తయ్య నిద్రలేని రాత్రులు, అన్నీ ఆ చోటి నుంచే పోయాయి.

మిగిలిన గ్యాస్‌ను ఊరికే గాలిలోకి వదల్లేదు. చిన్న యంత్రంతో ఖాళీ సిలిండర్‌లోకి లాగి, తూకం మీద పెట్టి చూపించాడు. 310 గ్రాములు. ఉండవలసింది 850. నట్టు విప్పి పైపు చివర చూపించాడు. రాగి పైపు కొసను గరాటులా విప్పి నట్టుతో బిగిస్తారు, దాన్ని ఫ్లేర్ అంటారు. ఆ గరాటు అంచున వెంట్రుకవాసి చీలిక. కొత్తగా బిగించిన రోజున హడావుడిగా విప్పిన ఫ్లేర్ అది. "బిగించిన రోజు వాక్యూం పంపు పెట్టారా అమ్మా?" అని అడిగాడు. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ముప్పావుగంటలో పని ముగించారు. పైపుల్లోని గాలిని లాగేసే ఆ పంపు ఏదీ తేలేదు. బయటి యూనిట్ దగ్గర నట్టు వదులు చేసి, బుస్సుమని గ్యాస్ వదిలి, మళ్లీ బిగించారు. పైపుల్లోని గాలిని ఆ గ్యాస్‌తోనే బయటికి తోసేశారన్నమాట. అలా చేస్తే గాలీ తేమా పూర్తిగా పోవు, తేమ మిగిలితే లోపలి నూనెను పాడుచేసి మెల్లగా కంప్రెసర్‌ను తింటుంది.

ఈయన చీలిన కొస కోసేసి, కొత్త ఫ్లేర్ విప్పి, నూనె రాసి, ఎంత బిగువు పెట్టాలో చూపించే స్పానర్‌తో బిగించాడు. నైట్రోజన్ నింపి, ఇంకా లీకుంటే గేజ్ ముల్లు కదులుతుందేమోనని అరగంట ఆగాడు. తరువాత ముప్ఫై అయిదు నిమిషాలు వాక్యూం పంపు నడిపాడు. తూకం మీద సిలిండర్ పెట్టి సరిగ్గా 850 గ్రాములు ఎక్కించాడు. మూడు గంటలు పట్టింది. 5,200 తీసుకున్నాడు. బిల్లు మీద గ్యాస్ పేరు, బరువు, చేసిన పని, ఆరు నెలల హామీ, అన్నీ తానే రాశాడు. వెళ్లేముందు మళ్లీ థర్మామీటరు పెట్టాము. గదిలో 28, గాలిలో 14.

ఇక్కడ డబ్బు సంగతి ఒకటి చెప్పాలి. ముందు మూడేళ్లలో పెట్టింది 9,500. తక్కువకు చేస్తారని పిలిచిన మనుషులే నాకు ఎక్కువ ఖర్చు తెచ్చారు. డబ్బును మించి నన్ను బాధించింది ఇంకొకటి. ఒక కిలో ఆర్-32 గాలిలో కలిస్తే నూరేళ్ల లెక్కలో సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. మూడేళ్లలో రెండు కిలోలైనా పోయి ఉంటుందనుకున్నా 1,350 కిలోలు. ఎండ తట్టుకోలేక పెట్టుకున్న యంత్రంతోనే ఎండను పెంచాము. పాఠం చెప్పిన మనిషిని, ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆయన వచ్చిన రోజే హాల్లోని పాత ఏసీ కూడా చూపించాను. 2013 నాటిది. అంతకు ముందు ఏడు మూడో ఆయన దాని కంప్రెసర్ పోయిందని, 13,000 అవుతుందని చెప్పి వెళ్లాడు. ఈయన మూత విప్పి, కంప్రెసర్ లేవడానికి తోడ్పడే కెపాసిటర్ అనే భాగాన్ని బయటికి తీశాడు. పైభాగం ఉబ్బి ఉంది. మీటరు పెడితే 50 మైక్రోఫారడ్ ఉండవలసింది 21 చూపించింది. కొత్తది వేస్తే కంప్రెసర్ గుర్రుమని లేచింది. 350 రూపాయలు. అయితే ఒక మాట కూడా చెప్పాడు. "ఇది ఆర్-22 అమ్మా. ఓజోన్ పొరకు చేటు చేసే గ్యాస్ కాబట్టి 2030 నాటికి మన దేశంలో వాడకం ఆపేస్తున్నారు. నిజంగానే కంప్రెసర్ పోయిన రోజున దీని మీద డబ్బు పెట్టకండి." తనకు రాబోయే పనిని తానే వద్దన్నాడు.

అత్తయ్య గదికి రెండు టన్నుల ఏసీ కొంటే మేలా అని మావారు అడిగితే, గది కొలిచి వద్దన్నాడు. డాబా మీద తెల్లసున్నం రెండు పూతలు వేయించమన్నాడు. వేయించాము. గది పైకప్పు వేడి తగ్గిన సంగతి అత్తయ్యే ముందు గమనించి చెప్పింది. పక్క రాష్ట్రం తెలంగాణలో ఇందుకోసం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చారు. మన దగ్గర ప్రతి డాబాకూ ఆ పూత పడాలని నా కోరిక.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 2023లో వచ్చిన కాంట్రాక్టరు తాను గదిలో నిలబడి, పద్దెనిమిదేళ్లయినా ఉంటాయో లేవో తెలియని కుర్రాణ్ని మూడో అంతస్తు సన్‌షేడ్ మీదికి దింపాడు. తాడు లేదు, బెల్టు లేదు, కాళ్లకు రబ్బరు చెప్పులు. నేను పని ఆపించాను. "రోజూ చేసే పనే మేడమ్" అని విసుక్కున్నాడు. తాడు తెచ్చి కట్టేదాకా ఒప్పుకోలేదు. ఆ రోజే అతన్ని పంపేసి ఉండవలసింది. వెంట తెచ్చిన పిల్లవాడి ప్రాణం పట్టనివాడికి మా ఇంటి పైపు జాయింటు ఏం పడుతుంది? ఈ నాలుగో ఆయన సహాయకుడికి నడుము బెల్టు, రెండు కొక్కేలు ఉన్నాయి. డాబా మీది స్తంభానికి తాడు కట్టి, తానే రెండుసార్లు లాగి చూసి, అప్పుడు దింపాడు. ఇప్పుడు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఈ బెల్టు సంగతే.

ఫోనులో అడిగే ప్రశ్నలు మా చెల్లెలికి రాసిచ్చాను. తూకం తెస్తారా, వాక్యూం పంపు ఉందా, లీకు ఎక్కడో చూపించాకే గ్యాస్ ఎక్కిస్తారా, బిల్లు ఇస్తారా. గుంటూరులో ఆమె ముగ్గురికి ఫోను చేస్తే ఇద్దరు "అవన్నీ మీకెందుకు" అన్నారట. మూడో ఆయన నింపాదిగా జవాబు చెప్పాడట, ఆయన్నే పిలిచింది. బిల్లు విషయంలో మాత్రం మొహమాటపడవద్దని గట్టిగా చెప్పాను. రేపు మాట తేడా వచ్చి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయాలన్నా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా, చేతిలో కాగితం ఉంటేనే మన మాట నిలుస్తుంది. పిలిచే కాలం కూడా ముఖ్యమే. మేలో మనం మెకానిక్‌ను ఎంచుకోలేము, దొరికినవాడే దేవుడు. చలి శివశివా అంటూ వెళ్లిపోయే శివరాత్రి రోజుల్లో అయితే వాళ్లకూ తీరిక, మనకూ నిదానం.

ఈ ఏడు శివరాత్రి మర్నాడే ఆయన వచ్చాడు. అత్తయ్య తానే లేచి వెళ్లి దీపం కొండెక్కించి, కిటికీ తెరిచింది. నాలుగు జాయింట్లకూ సబ్బునీళ్లు పూసి, టార్చి వేసి, పది నిమిషాలు చూశాము. ఒక్క బుడగా లేదు. ఫిల్టర్లు కడిగి, డ్రెయిన్ పైపులో పేరుకున్న పాచి తీసి, 600 తీసుకున్నాడు. లోపలి పెట్టె పక్కన మార్కర్ పెన్నుతో ఆయన పోయినేడు రాసిన వరుస ఉంది: తేదీ, ఆర్-32, 850 గ్రాములు. దాని కింద ఈ ఏటి తేదీ వేసి, "లీకు లేదు, గ్యాస్ ఎక్కించలేదు" అని రాశాడు. ఏమి రాశాడో చదివి వినిపించమని అత్తయ్య రెండుసార్లు అడిగింది.