జ్ఞాపికను ఏమని పిలవాలి?

"అమ్మా, ఈసారి టీచర్‌కి మెయిల్ పెట్టకు" అంది మా జ్ఞాపిక, స్కూల్ తెరవడానికి ముందు. పేరులో మొదటి 'జి' మింగేయకుండా 'గ్నా' అని పలకమని ఏటా నేను రాసే మెయిల్ అది. ఇంగ్లిష్‌లో మాట మొదట్లో జి, ఎన్ కలిసి వస్తే జి పలకరు. తోటలో పెట్టుకునే గ్నోమ్ బొమ్మను, ఇంగ్లిష్ మాట్లాడే ఇక్కడివాళ్లు 'నోమ్' అంటారు. అలాగే మా అమ్మాయి 'నాపికా' అయింది.

జె, ఎన్‌తో రాయాల్సిందని కొందరన్నారు. జ్ఞానపీఠ్ పేరు అలాగే రాస్తారు, నిజమే. హిందీవాళ్లు జి, వై రాసి 'గ్య' అంటారు. మరాఠీలో జ్ఞానేశ్వర్ పేరు 'ద్న్య' అని పలుకుతుంది, ఇంగ్లిష్‌లో డి, ఎన్, వైతో మొదలవుతుంది. మన నోట వచ్చేది 'గ్న', అందుకే జి, ఎన్ రాశాం. ఇప్పుడు రాయమన్నా అదే రాస్తాను. పాస్‌పోర్టులో యంత్రం చదివే వరుసలో పేరుకు దొరికేవి ఇంగ్లిష్ 26 అక్షరాలే. వాటిలో జ్ఞ ఎలాగూ ఇమడదు.

పేరు పెట్టబోయేవాళ్లు అడిగితే, స్పెల్లింగ్ కాగితం మీద రాసి తెలుగు రాని ఒకరి చేత పైకి చదివించమంటాను. కానీ ఆ పరీక్షకు నిలిచేవి ఏవి? మాయ, రియా, ఆర్య. ణ, ళ, ఋ, జ్ఞ ఉన్న పేర్లన్నీ పక్కకు పోతాయి. నా సలహా నాకే మింగుడుపడదు.

మెయిల్ ఎందుకు వద్దన్నావని జ్ఞాపికను అడిగాను. "నువ్వు మెయిల్ పెడితే టీచర్ అందరి ముందూ మూడు నాలుగుసార్లు పలికి, కరెక్టేనా అని అడుగుతుంది. క్లాసంతా నన్నే చూస్తుంది. నాకు టెన్షన్" అంది. స్నేహితులు 'పికా' అంటారు, అది తనకు ఇష్టమట. నన్ను ఆఫీసులో 'విజ్' అంటారు. విజయలక్ష్మి అని నేను ఏనాడూ దిద్దలేదు. ఆ సంగతి దానికి తెలుసు, అయినా ఎత్తిచూపలేదు.

నా పేరు సగమైతే నాకు పట్టదు, దాని పేరులో ఒక్క అక్షరం పోతే మాత్రం నిద్ర పట్టదు. పేరు పెట్టింది మేమే అయినా, రోజూ అటెండెన్స్‌లో పలకాల్సింది తనే.

మెయిల్ పెట్టలేదు. వచ్చే ఏడాది హైస్కూల్. ఏ పేరుతో పిలవాలో రాసే గడి ఫారంలో ఉంటుంది, దాన్ని తానే నింపుతానంది. సరేనన్నాను. అందులో 'పికా' అని రాస్తే ఊరుకోగలనా అంటే, ఇప్పటికైతే నా దగ్గర జవాబు లేదు.