నాయిన దింపించిన ఫ్లెక్సీ

పోయినేడు ఆగస్టు 15 నాడు మా ఊరి బడి కాడ జరిగిన ముచ్చట ఇది, రాయాలె రాయాలె అనుకుంటనే ఏడాది గడిచింది. మాది దేవరకొండ దిక్కు. మా నాయిన మిల్ట్రీల 17 ఏండ్లు చేసిండు, 1988ల భర్తీ అయ్యి 2005ల పెన్షన్ మీద వచ్చిండు. ఏఎస్‌సీల, అంటే ఆర్మీ సర్వీస్ కోర్ల డ్రైవర్, బార్డర్ల ఉన్నోళ్లకు రేషన్, డీజిల్, మందుగుండు మోసే లారీలు నడిపిండు, హవల్దార్‌గ దిగిండు. ఊర్ల ఆయన్ని పేరు పెట్టి పిలిచేటోళ్లు తక్కువ, అందరికి మిల్ట్రీ మామనే.

ఆ పొద్దు యూత్ పిలగాండ్లు ప్రేమతోటి పెద్ద ఫ్లెక్సీ కట్టిండ్రు, నాయిన యూనిఫారం ఫొటో, కింద ఎర్ర అక్షరాలతోటి "కార్గిల్ వీరుడు" అని. నాకైతే దూరంకెళ్లి చూడంగనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాయిన బండి స్టాండేసి, అది చదివి, "జెండా ఎక్కకముందే దీన్ని దింపుండ్రి బిడ్డా" అన్నడు. పిలగాండ్ల మొకాలు చిన్నగయినయి. ఒకడు అడిగిండు గూడ, "మామా, 99ల నువ్వు సర్వీసుల ఉన్నవు గదా, ఆపరేషన్ విజయ్ మెడల్ గూడ ఉన్నదంటివి" అని. "ఉన్నది. గని నాది మెడల్, స్టార్ కాదు" అన్నడు.

ఈ తేడా బయటోళ్లకు తెల్వది, నాకు గూడ పెద్దగయినంకనే తెలిసింది. కార్గిల్ టైంల కొండల మీద, ఆ యుద్ధం నడిచిన జాగల ఉన్నోళ్లకు ఆపరేషన్ విజయ్ స్టార్ ఇచ్చిండ్రు. అదే టైంల దేశమంత బార్డర్ల పొంటి ఫౌజును కదిలిచ్చిండ్రు గదా, ఆ పనిల ఉన్నోళ్లకు ఆపరేషన్ విజయ్ మెడల్. నాయిన అప్పుడు రాజస్థాన్‌ల ఉన్నడు, ఎండల ఇసుకల రాత్రింబగళ్లు లారీ నడిపిండు. ఆ యుద్ధంల మనోళ్లు 527 మంది ప్రాణాలిచ్చిండ్రు. ఆ లెక్క చెప్పేటప్పుడు నాయిన గొంతు ఎప్పటికీ తగ్గుతది, అసొంటిది ఆ కొండ ఎక్కనోడు ఆ పేరు మీద దండ ఎట్ల ఏసుకుంటడు?

మెడల్ అనంగనే మనం శౌర్య పతకమే అనుకుంటం. యుద్ధంలైతే పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, శాంతి టైంలైతే అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. గని సిపాయి ఛాతి మీద ఎక్కువ కనిపించేటియి సర్వీసు మెడల్సు, అవి నువ్వు ఏడ ఉన్నవు, ఎన్నేండ్లు ఉన్నవు అన్నది చెప్తయి. నాయినకు 9 ఏండ్ల సర్వీసుది ఉన్నది, లేహ్‌ల చేసినందుకు హై ఆల్టిట్యూడ్‌ది, 1997ల స్వాతంత్ర్యం 50 ఏండ్లది, 2001–02ల పాకిస్తాన్ బార్డర్ పొంటి ఫౌజును నిలిపిన ఆపరేషన్ పరాక్రమ్‌ది. 20 ఏండ్లది లేదు, మూడేండ్లు ముందుగాల దిగిండు, ఎందుకంటే తాత మంచాన పడ్డడు. ఆ మెడల్సన్ని నల్ల ట్రంకుల, తువ్వాలల చుట్టి ఉంటయి, ట్రంకు మీద ఆయన ఆర్మీ నంబరు తెల్ల పెయింటుతోటి ఇంకా ఉన్నది. మెడల్ అంచు మీద సుత నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటయి. చిన్నప్పుడు ఆ అంచు మీద వేలు పెట్టి తడిమి మా నాయిన పేరు చదువుకునేదాన్ని.

మల్ల బడి కాడికొస్తె. మా పక్కూరికెళ్లి ఒకాయన వచ్చిండు, ఇన్‌ఫాంట్రీల నాయక్‌గ దిగినాయన, ఆయనకు స్టార్ ఉన్నది, కాలుల చిన్న లోహపు ముక్క గూడ ఇప్పటికీ ఉన్నది. నాయిన ఎదురు పోయి, "భాయ్, నువ్వు ముందట నిలబడు" అన్నడు. ఆయనేమో "హవల్దార్ సాబ్, మీరు సీనియర్, నేనెట్ల ముందట నిలబడుత" అని వెనుకకు జరుగుడు. ఇట్ల ఒకల్నొకలు ముందటికి నూకుతుంటే సారు మైకుల జెండా వందనం అని పిలువనే పిలిచిండు, ఇద్దరు ఒక్క లైన్ల నిలబడ్డరు. ఫ్లెక్సీ ముచ్చట తెలిసినంక ఆయన అన్న మాట నాకింకా చెవుల్నే ఉన్నది: "సాబ్, పైకి పోయినోనికి కింద బండి నడిపేటోడు లేకపోతె గుండ్లేడియి, రొట్టె ఏడిది. మీరు వీరుడు కాదంటె నేనొప్పుకోను, గని మీరు దింపిచ్చిండ్రు సూడుండ్రి, అందుకే మీకు సెల్యూట్ చేస్తున్న."

నాయిన ఏమనలే. తిరిగి సెల్యూట్ చేసిండు.

మా వాడకట్టుల ఒక ముసలవ్వ ఉండె, ఆమె పెనిమిటి 1971 యుద్ధంల తూర్పు దిక్కు చేసిండు. ఆయనకు పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ వచ్చినయి. పడమర దిక్కు చేసినోళ్లకైతే పశ్చిమీ స్టార్. ఆయన పోయినంక మనుమలు వాటిని ఆటకు పెట్టుకున్నరు, రిబ్బన్లు చినిగినయి. నాయిన చూసి, బతిమిలాడి ఇంటికి తెచ్చిండు, హైదరాబాద్ పోయి రిబ్బన్ ముక్కలు కొనుక్కొచ్చి, బ్రాసో పెట్టి తుడిచి, ఫ్రేం కట్టిచ్చి అవ్వ గోడకు తగిలిచ్చొచ్చిండు. పైసలిస్తనంటె తీసుకోలే. అవ్వ పోయేదాక పొద్దుగాల లేసి ముందుగాల ఆ ఫ్రేంకే మొక్కేది.

మనకాడ బలవంతంగ ఫౌజుల తోలే కానూన్ లేదు, అందరు ఇష్టపడి పోయినోళ్లే. రెండో ప్రపంచ యుద్ధంల సుత మన దేశంకెళ్లి పోయిన 25 లక్షల మంది అట్ల సొంతంగ సంతకం పెట్టినోళ్లే. కరువుకు పోయిండ్రని, ఆకలికి పోయిండ్రని అంటరు గావొచ్చు, మా నాయిన గూడ ఎవుసం దెబ్బతిన్న ఏడే పోయిండు. గని ఆకలైన ప్రతోడు పోలేదు గదా. నేను ఆ సంతకాన్నే మెడల్ కన్న పెద్దగ చూస్త.

సూర్యాపేట పోయినప్పుడల్ల నాయిన కల్నల్ సంతోష్ బాబు విగ్రహం కాడ బస్సు దిగి నిలబడుతడు. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్, 2020 జూన్ 15న లద్దాఖ్‌ల గల్వాన్ కాడ చైనా ఫౌజుతోటి కొట్లాటల అమరుడైండు, ఆయనకు మహావీర చక్ర ఇచ్చిండ్రు. దాని రిబ్బన్ సగం తెలుపు సగం కాషాయం అని నాయిన నా కొడుక్కు చెప్పుకుంట, "ఆయనతోటి ప్రాణాలిచ్చినోళ్లు ఇంక 19 మంది, వాళ్ల ఊర్లల్ల గూడ ఇట్లనే ఎవలో ఒకలు ఆగుతుండాలె" అన్నడు.

ఇప్పుడాయన రోజు తెల్లారుజామున నాలుగున్నరకు బడి గ్రౌండుల ఫౌజు భర్తీకి తయారయ్యే పిలగాండ్లను ఉరికిపిస్తడు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్ల కొట్టాలె, పుల్లప్స్ పది తియ్యాలె, ఒక్క రూపాయి తీసుకోడు. ఫ్లెక్సీ కట్టిన పిలగాండ్లల్ల ఇద్దరు ఆ గుంపులనే ఉన్నరు. ఈసారి ఆగస్టుకు వారం ముందు వాళ్లే ఇంటికొచ్చి, "మామా, ఏం రాయాల్నో నువ్వే చెప్పు" అన్నరు. నాయిన నోట్‌బుక్కుల కాయితం చింపి రాసిచ్చిండు. నంబరు, హవల్దార్, పేరు, ఏఎస్‌సీ, 1988–2005. పిలగాండ్లు అంతే కొట్టిచ్చిండ్రు, నల్ల అక్షరాలతోటి.