ఎలెక్ట్రోచోర్రో

పెరూ రాజధాని లిమాకు వచ్చిన రెండో వారంలో ఈ మాట విన్నాను. అప్పటికి నా స్పానిష్ "ఎంత?", "ఎక్కడ దిగాలి?" దాకానే. నేను పనిచేసే రాడార్ దగ్గర యాంటెనాలు చూసుకునే పెద్దాయన ఒకరున్నారు. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆయన్ని "మాయెస్ట్రో" అంటారు. నువ్వు దేని మీద పనిచేస్తావమ్మా అన్నట్టు ఏదో అడిగితే, ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అని ఇంగ్లీషులోనే చెప్పాను. "ఆ, ఎలెక్ట్రోచోర్రో!" అంటూ నన్ను చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి తీసుకెళ్లారు. పూర్తిగా తిప్పారు. నీళ్లు ధారగా పడుతుంటే వేలు పెట్టి చూపించి "చోర్రో" అన్నారు. తర్వాత అదే తడి వేలు పైకెత్తి, పడమటి కొండ నుంచి తూర్పు కొండ దాకా ఆకాశంలో ఒక గీత గీశారు. వెంటనే కుళాయి కట్టేశారు. ఆ ఎడారిలో నీళ్ల విలువ అలాంటిది.

ఆ ధార గురించి అయిదేళ్లు చదివి, థీసిస్ రాసి, సెమినార్లలో మాట్లాడి వచ్చినదాన్ని. నేల నుంచి సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, అయస్కాంత భూమధ్యరేఖ వెంట, పగటిపూట తూర్పుకు పారే విద్యుత్ ప్రవాహం. వెడల్పు దాదాపు 600 కిలోమీటర్లు. ఇదంతా నోటికి వచ్చు. కానీ అది నిజంగా నా నెత్తిమీదే పారుతోందని ఆ కుళాయి దగ్గరే మొదటిసారి అనిపించింది. తలెత్తి చూశాను. ఉత్త నీలం.

నేను పనిచేసే చోటు పేరు జికమార్కా. లిమా నుంచి తూర్పుకు పోతే, ఊరు వెనకబడి, రోడ్డంతా దుమ్మై, మోటోటాక్సీలు తిరిగే పేటలు దాటాక వస్తుంది. ఆ మోటోటాక్సీల్లో చాలావరకు మన బజాజ్ ఆటోలే. మొదటిరోజు ఒకటి పక్కనుంచి పోతే, ఆ ఇంజను చప్పుడుకు మా పాకాల బస్టాండు కళ్లముందుకొచ్చి గొంతు పట్టేసింది. గడ్డిపోచ మొలవని కొండల మధ్య లోయలో, ఒక్కో వైపు 300 మీటర్ల చదరంలో, 18,432 డైపోల్ యాంటెనాలు. 1960ల మొదట్లో అమెరికా వాళ్లు కట్టారు. 1969 నుంచి పెరూ జియోఫిజికల్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. ఆ బోడికొండలే నగరపు రేడియో గోలను అడ్డుకుంటాయి. చలికాలం నాలుగు నెలలూ లిమా మీద మబ్బు మూతలా ఉంటుంది, ఎండ మొహం కనపడదు. ఆ ఆకాశాన్ని అక్కడివాళ్లు "గాడిద పొట్ట" అంటారు. జికమార్కా తీరానికి దూరంగా లోపలికి ఉంటుంది, అక్కడ ఆ మబ్బు తక్కువ. అందుకే పనికి పోవడమంటే నాకు ఎండలోకి పోవడం కూడా.

ఇంత పెద్ద రాడార్ ఇక్కడెందుకంటే, అయస్కాంత భూమధ్యరేఖ ఇక్కడినుంచే పోతుంది. మనం బడిలో చదివిన భూమధ్యరేఖ వేరు, ఇది వేరు. దిక్సూచి ముల్లును పైకీ కిందికీ కూడా తిరిగేలా వేలాడదీస్తే, ఏ మొగ్గూ లేకుండా నేలకు సమంగా నిలిచే చోట్లను కలుపుకుంటూ పోయే గీత ఇది. పెరూలో దక్షిణ అక్షాంశం 12 డిగ్రీల దగ్గర, మన దేశంలో కేరళ, తమిళనాడు కొసన పోతుంది. 1963 నవంబరు 21న తుంబా నుంచి మన మొదటి రాకెట్ ఎగిరిందంటే, ఆ చేపలపల్లెను ఎంచుకున్నదీ ఈ గీత కోసమే.

పెరూ వాళ్లు ఈ గీత మీద నూరేళ్లుగా కూర్చుని ఉన్నారు. ఆండీస్ కొండల్లో, వన్‌కాయో దగ్గర, 1922లో అయస్కాంత అబ్జర్వేటరీ మొదలైంది. అక్కడ మధ్యాహ్నమయ్యేసరికి అయస్కాంత క్షేత్రం మిగతా చోట్ల కంటే రెండింతలకు మించి ఎగిసేది. దానికి కారణం ఆ ఎగువ ధారే. దానికి ఎలక్ట్రోజెట్ అని 1951లో పేరు పెట్టింది సిడ్నీ చాప్‌మన్ అనే శాస్త్రవేత్త. ఆ పేరుకు ముందు ముప్ఫై ఏళ్లు, ఆ కొండమీద ఎవరో ఒకరు రోజూ కాగితం మార్చి, గీత చూసి, తేదీ వేశారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. వాళ్లంటే నాకు చాలా గౌరవం.

మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకిలో పై ఆకాశపు గాలి పొరలను కొలిచే ఎమ్మెస్టీ రాడార్ ఉంది, 1,024 యాంటెనాలు. చిన్నప్పుడు బస్సులో పోతుంటే "అవి టీవీ ఏంటెనాలా?" అని నాన్నను అడిగేదాన్ని. నాన్నకూ తెలియదు, "గవర్నమెంటువి" అనేవారు. ఆ తరహా రాడార్లకు దారి చూపిన 1974 నాటి పని జరిగింది జికమార్కాలోనే. రొనాల్డ్ వుడ్‌మన్ అనే పెరూ శాస్త్రవేత్త, ఆయన సహచరుడు గియెన్ కలిసి చేశారు. ఇక్కడికి వచ్చాక ఈ సంగతి మా వాళ్లకు ఫోన్లో చెబితే నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే నువ్వు దాని పుట్టింటికే పోయినావన్నమాట" అన్నారు.

పుట్టిల్లంటే ఇంకొకటి చెప్పాలి. ఇక్కడ ఏ ఫారంలోనైనా రెండు ఇంటిపేర్లు రాయాలి, ఒకటి తండ్రిది, రెండోది తల్లిది. నా పాస్‌పోర్టులో ఒక్కటే ఉందని ఒక ఆఫీసులో నా కాగితాలు మూడు నెలలు ఆపేశారు. ఆ టెన్షన్‌లో నిద్ర పట్టేది కాదు. చివరికి అమ్మ పుట్టింటి ఇంటిపేరు అడిగి రాశాను. పెళ్లయి ముప్ఫై నాలుగేళ్లయింది, ఆ పేరు ఎవరూ అడిగినట్టే లేదు, అమ్మ రెండుసార్లు చెప్పించుకుని స్పెల్లింగ్ సరిచూసింది. తిండికి మాత్రం ఇబ్బంది పడలేదు. రోజూ అన్నమే. సోమవారం వస్తే హోటళ్లలో అన్నంలోకి పప్పు ఉంటుంది, వారం మొదట్లో పప్పు తింటే డబ్బు నిలుస్తుందని వాళ్ల నమ్మకం.

మళ్లీ మాయెస్ట్రో దగ్గరికి వస్తాను. మాయెస్ట్రో అంటే మన మేస్త్రీయే. పోర్చుగీసు వాళ్ల "మెస్త్రె" నుంచి మనకు మేస్త్రీ వచ్చింది, ఆ మాటకు స్పానిష్ తోబుట్టువు మాయెస్ట్రో. ఆయన చేసేదీ మేస్త్రీ పనే. ఈ పెద్ద యాంటెనా కదలదు. దాని చూపు కాస్త పక్కకు మళ్లించాలంటే 64 మాడ్యూళ్ల దగ్గరా నడుచుకుంటూ పోయి, ఒక పొడవు కేబుళ్లు విప్పి ఇంకో పొడవువి బిగించాలి. ఒకరోజు నేనూ వెంట పోయాను. టోపీ కింద మెడ కాలిపోతోంది. ఆయన ఒక్కో కనెక్టర్‌ను బట్టతో తుడిచి, లోపలికి ఊది, చెవి దగ్గర పెట్టుకున్నట్టు వంగి బిగించి, కాగితం మీద టిక్ పెట్టేవారు. నేను తుడవకుండా ఒకటి బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. కసరలేదు. బట్ట నా చేతికిచ్చి, తను బిగించినవాటినే మళ్లీ చూసుకుంటూ నిలబడ్డారు. ఆ రాత్రి వచ్చిన డేటాను నేను వేరే కళ్లతో చూశాను.

రాత్రి అన్నాను కాబట్టి అసలు విషయం చెబుతాను. పై ఆకాశంలో అలజడి అంటే అందరికీ సూర్యుడి తుపాన్లే గుర్తొస్తాయి. మా గీత మీద సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రోజున కూడా సాయంత్రం అలజడి పుడుతుంది. అక్కడ ఎండకు విద్యుదావేశం పొందిన పలచటి గాలి పొరలుంటాయి, వాటినే అయాన్ పొరలంటారు. పొద్దుగుంకగానే కింది అయాన్ పొర కరిగిపోతుంది. పై పొర ఒక్కసారి ఇంకా ఎత్తుకు లేస్తుంది. అంటే కింద తేలిక, పైన బరువు. నూనె మీద నీళ్లు పోసినట్టే. నూనె ఊరుకోదు, ఎక్కడో ఒకచోట పైకి పొడుచుకొస్తుంది. అలాగే పలచటి ప్లాస్మా, అంటే ఆ అయాన్ గాలే, బుడగలై లేస్తుంది, కొన్ని వెయ్యి కిలోమీటర్లు కూడా దాటుతాయి. ఆ బుడగల్లోంచి వచ్చే జీపీఎస్ సిగ్నల్ చుక్కల్లా మినుకుమంటుంది, ఒక్కోసారి తెగిపోతుంది. విమానాలకు దారి చూపే మన గగన్ వ్యవస్థను తయారుచేసినవాళ్లు తలపట్టుకుని కూర్చున్నదీ దీని దగ్గరే. 1938లోనే వన్‌కాయోలో బుకర్, వెల్స్ ఈ అలజడికి చెదరిన రేడియో ప్రతిధ్వనిని గమనించి రాశారు.

డిసెంబరులో నేను చూసిన మొదటిది మర్చిపోలేను. సాయంత్రం ఏడు దాటింది. తెర మీద అడుగున సన్నటి పసుపు చార, అంతే. డ్యూటీలో ఉన్న కుర్రాడు బిస్కెట్లు పంచుతున్నాడు. ఏడున్నరకు ఆ చార ఒకచోట ఉబ్బింది. ఉబ్బినది మెడలా సాగి, కట్టెలపొయ్యి పొగలా ఒక పక్కకు వంగుతూ, 400, 600, 800 కిలోమీటర్ల గీతలు దాటి పోయింది. ఈ రాడార్‌కు కనపడేది మూడు మీటర్ల పాటి ముక్కలే, ఒక చిన్న గది పొడవు. నగరమంత బుడగ లోపల గదులంత సుడులు. ఎవరూ మాట్లాడలేదు. ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లు కూడా బిస్కెట్ చేత్తో పట్టుకుని చూస్తూనే ఉన్నారు. బయటికి వచ్చి తలెత్తితే చుక్కలు ఎప్పటిలాగే ఉన్నాయి. అప్పుడు మా ఊళ్లో ఉదయం ఆరు. అమ్మ కల్లాపి చల్లి ముగ్గు వేస్తుంటుంది.

ఇక 2024 మే 10, శుక్రవారం. మధ్యాహ్నం 12 గంటల 5 నిమిషాలకు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ గీత నిటారుగా ఎగిరింది. భోజనానికి లేచినవాళ్లం అక్కడే ఆగిపోయాం. సూర్యుడి నుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చిన మేఘాలు భూమిని తాకాయి. 2003 నవంబరు తర్వాత అంత పెద్ద తుపాను మళ్లీ రాలేదు. ధ్రువాల దగ్గర పుట్టిన విద్యుత్ క్షేత్రం నిమిషాల్లో భూమధ్యరేఖకు చేరుతుందని పుస్తకాల్లో చదివాం. సరిగ్గా ధార ఉధృతంగా ఉండే మిట్టమధ్యాహ్నం అది మా నెత్తిన పడింది. ఆ సాయంత్రం ఎవరూ ఇళ్లకు పోలేదు. తెల్లారేసరికి లడఖ్‌లోని హాన్లే మీద ఎర్రబడిన ఆకాశం ఫొటోలు ఫోన్ నిండా. "మీకూ రంగులు కనిపించాయా?" అని ఫ్రెండ్స్ అందరూ అడిగారు. మాకు రంగులేమీ కనపడలేదని రాస్తే పాపం అన్నారు. నాకు మాత్రం, ప్రపంచం మొత్తం ఆ రంగుల కోసం ధ్రువాల వైపు చూసిన ఆ రాత్రి, ఈ గీత మీద మెలకువగా ఉండటం ఎంత భాగ్యమో చెప్పుకోవాలని ఉంది. గీతకు ఈ పక్కా ఆ పక్కా, పెరూ నుంచి ఆఫ్రికా మీదుగా మన తిరునల్వేలి దాకా, ఎంతమంది బతుకుతున్నారు! వాళ్ల ఆకాశంలో జరిగేది వాళ్ల దేశాల్లోనే, వాళ్ల మనుషులే కూర్చుని కొలవాలి. పెరూ వాళ్లు కొలుస్తున్నారు, మనవాళ్లూ కొలుస్తున్నారు. ఇంకా చాలామంది కావాలి.

ఇక్కడ బుడగల కాలం సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా. మన దేశంలో రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల చుట్టూ, మార్చి, అక్టోబరు అప్పుడు, ఎక్కువ. ఇవన్నీ ఫోన్లో చెప్పిచెప్పి అమ్మకు అలవాటైపోయింది. మొన్న అక్టోబరులో నాకు ఉదయం ఏడున్నర, తనకు సాయంత్రం ఆరు. సిగ్నల్ కోసం మిద్దెక్కి ఫోన్ చేసింది.

"తింటివా పాపా?"

"ఇంకా లేదు మా."

"ఈడ పొద్దు గుంకింది. ఇప్పుడు మన పైన లేస్తా ఉంటాదా అది?"

"ఇంకో గంటకు తిరునల్వేలి పైన మొదలవుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ మనూరి పైకీ వస్తుంది."

"కనపడదు కదా?"

"కనపడదు మా."

అయినా అమ్మ మిద్దె దిగలేదు. ఫోన్లో గాలి చప్పుడు, దూరంగా రైలు కూత వినిపిస్తున్నాయి. నేను కంట్రోల్ రూమ్ బయట నిలబడి ఉన్నాను. తూర్పు కొండ మీదికి ఎండ వచ్చింది, పైన ధార మొదలయ్యే వేళ. మాయెస్ట్రో కేబుళ్ల చుట్ట భుజాన వేసుకుని యాంటెనాల వైపు నడుస్తూ, రమ్మన్నట్టు నాకు బట్ట ఊపి చూపించారు.