ఎక్కే వేడి, బిగుసుకునే స్టీరింగ్: రెంటికీ కారణమైన ఒక్క ఎర్త్ వైరు

చిన్న కారులో ఇంజన్ వేడెక్కడమూ, స్టీరింగ్ బరువెక్కడమూ దాదాపు ఒకేసారి మొదలైతే, వాటిని విడివిడిగా చూసి రెండు ఖరీదైన భాగాలు మార్చడానికి ముందు, ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. ఈ వేసవిలో మా హ్యాచ్‌బ్యాక్ విషయంలో సరిగ్గా ఇదే అవసరమైంది. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోయేది. ఇంటి దగ్గర పార్కింగ్‌లో మెల్లగా బండి తిప్పుతుంటే స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి, డాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగేది. ఒక వర్క్‌షాపులో రేడియేటరూ, స్టీరింగ్ కాలమూ రెండూ మార్చాలని ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆ రెండూ నిక్షేపంగా ఉన్నాయని తరువాత మల్టీమీటర్ తేల్చింది.

ముందుగా వేడి సంగతి చూద్దాం. ముల్లు ఎప్పుడు లేస్తోందన్నదే ఇందులో మొదటి ఆధారం. హైవే మీద నిలకడగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగితే లేస్తుంటే రేడియేటర్‌కు గాలి చాలడం లేదని అర్థం. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి చేసే పనిని, ఆగినప్పుడు ఫ్యాన్ చేయాలి కాబట్టి అనుమానం మొదట ఫ్యాన్ మీదికే పోవాలి. అలా కాకుండా ఊళ్లో బాగుండి, హైవే మీద గానీ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గానీ వేడెక్కితే కూలెంట్ ప్రవాహం చాలడం లేదన్నమాట. రేడియేటర్ గొట్టాల్లో ఉప్పు పేరుకుని ఉండవచ్చు, వాటర్ పంపు రెక్కలు అరిగిపోయి ఉండవచ్చు, ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ అనే వాల్వు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గొట్టాల లోపలి గోడలకు తెల్లటి పొరగా అంటుకుని వేడిని బయటికి పోనివ్వవు. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి డిక్కీలో పడేసుకుంటే ఈ బాధ రాదు.

థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. ముల్లు ఎర్రగీత వైపు పోతున్నా రేడియేటర్ కింది పైపు చల్లగానే ఉంటే, థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదా కూలెంట్ దారిలో గాలి చిక్కుకుని ఉండాలి. కూలెంట్ బయట ఎక్కడా కారకుండానే తగ్గిపోతుండటం, సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ రావడం, ట్యాంకులో ఆగకుండా బుడగలు లేవడం కనిపిస్తే ఇంజన్ బ్లాకుకూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించి, బండిని ఇక నడపకుండా ఆపేయాలి. రేడియేటర్ మూత విషయంలో మాత్రం అతి జాగ్రత్త అవసరం. నీళ్లూ గ్లైకాలూ సగం సగం కలిసిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాదాపు 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచే మూత వల్లనే అది 125 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీయడం విజిల్ దిగని కుక్కర్ మూత తీయడం లాంటిదే. అలా ముఖమూ చేతులూ కాల్చుకున్నవారు మెకానిక్కుల్లోనూ ఉన్నారు.

మా బండి లక్షణం స్పష్టంగా మొదటి రకానికి చెందినది. ఏసీ వేయగానే ఫ్యాన్ తిరిగేది. వర్క్‌షాపు వారు కూడా బానెట్ ఎత్తి, ఫ్యాన్ తిరగడం చూసి, అయితే తప్పు రేడియేటర్‌దేనని నిర్ణయించారు. నా దృష్టిలో ఈ పరీక్షలో అసలు లోపం ఇక్కడే ఉంది. ఫ్యాన్ తిరగడం వేరు, తిరగవలసినంత వేగంగా తిరగడం వేరు. 14 వోల్టుల దగ్గర హోరుమనే మోటారు 11 వోల్టుల దగ్గర కూడా తిరుగుతూనే ఉంటుంది, కాని అది లాగే గాలి బాగా తగ్గిపోతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో, ఏసీ కండెన్సర్ వదిలిన వేడి గాలి కూడా రేడియేటర్ మీదుగానే పోవలసి ఉండగా, ఆ తగ్గుదలే ముల్లును లేపడానికి సరిపోతుంది.

ఇక స్టీరింగ్. పాత పద్ధతిలో బెల్టుతో తిరిగే పంపు, నూనె, గొట్టాలు ఉండేవి. అలాంటి బండిలో స్టీరింగ్ తిప్పినప్పుడు మూలుగు వినిపిస్తే ముందు నూనె మట్టం చూడాలి, కీచుమంటే బెల్టు బిగువు చూడాలి. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపునూ, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ, స్టీరింగ్ పంపునూ ఒకే బెల్టు తిప్పుతుంది కాబట్టి అది జారితే వేడీ, బ్యాటరీ లైటూ, బరువెక్కిన స్టీరింగూ మూడూ కలిసే వస్తాయి. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఈ నూనెనూ, పంపునూ తీసేసింది. నేడు మన చిన్న కార్లలో ఉన్నది ఎక్కువగా ఇదే. స్టీరింగ్ కడ్డీలో సన్నటి టార్షన్ బార్ ఎంత మెలితిరిగిందో ఒక సెన్సర్ కొలిచి కంట్రోల్ యూనిట్‌కు చెబుతుంది. అది బండి వేగాన్ని కూడా చూసుకుని, మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. బండి ఆగి ఉండగా చక్రాలు తిప్పినప్పుడు ఆ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ తగినంత లేకపోతే కంట్రోల్ యూనిట్ సాయాన్ని తగ్గిస్తుంది, లేదా పూర్తిగా ఆపి లైటు వెలిగిస్తుంది. అప్పుడు కూడా స్టీరింగ్‌కూ చక్రాలకూ ఉన్న ఇనుప బంధం అలాగే ఉంటుంది. బండి తిరుగుతుంది, చేతులకే బలం కావాలి.

లైటు వెలిగిందా లేదా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. లైటు లేకుండా ఎప్పుడూ బరువుగానే ఉంటే ముందు టైర్లలో గాలి చూసుకోవాలి, ఆ తరువాత బాల్ జాయింట్లు, అలైన్‌మెంట్ చూపించాలి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుంటే మోటారు వేడెక్కి కొంతసేపు సాయం తగ్గుతుంది, అది లోపం కాదు. లైటు వెలిగి సాయం పోయి, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే అంతా సరిపోతుంటే మాత్రం కరెంటు సరఫరాను అనుమానించడం న్యాయం.

మా బండిలో రెండు విషయాలు నాకు పొంతన లేనట్టు తోచాయి. స్టార్టర్ ఎప్పుడూ చురుకుగానే తిరిగేది, అంటే బ్యాటరీలో బలం ఉంది. అయినా రాత్రి పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పితే ఎదుటి గోడ మీద హెడ్‌లైట్ల వెలుతురు స్పష్టంగా కుంగేది. ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఈ రెండూ చెప్పగానే ఆయన వెంటనే, "బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు చూపిస్తుంది సార్, దాన్ని నమ్మకండి. ఫ్యాన్ కనెక్టర్ దగ్గర ఎంత వస్తోందో చూద్దాం" అన్నారు.

ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, ఏసీ, బ్లోయర్, హెడ్‌లైట్లు అన్నీ వేసి కొలిచారు. బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 13.9 వోల్టులు ఉంటే, ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 11.6 మాత్రమే ఉన్నాయి. పోయిన 2.3 వోల్టులు ఎక్కడ పోయాయో తెలుసుకోవడానికి ఆయన చేసిన పరీక్ష ప్రతి కారు యజమానికీ తెలియాలని నా కోరిక. మీటరు ఒక తీగను బ్యాటరీ ప్లస్ మీదా, రెండోదాన్ని ఫ్యాన్ ప్లస్ మీదా పెడితే ఆ దారిలో వృథా అవుతున్న వోల్టేజీ నేరుగా కనిపిస్తుంది. అక్కడ 0.2 వోల్టులే ఉంది. తరువాత కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వచ్చే దారిని, అంటే ఎర్త్‌ను, చూడటానికి బ్యాటరీ మైనస్ స్తంభానికీ, పెయింటు లేని ఒక బాడీ బోల్టుకూ మధ్య పెడితే 2.1 వోల్టులు వచ్చింది. ఇది 0.2 దాటకూడదు. నన్ను స్టీరింగ్ తిప్పమన్నారు. అంకె 3 దాటింది, వెంటనే పసుపు లైటు వెలిగింది. చివరగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య పెట్టి చూస్తే 0.1 లోపే ఉంది. స్టార్టర్ కరెంటు ఇంజన్ ఎర్త్ మీదుగా తిరిగి వస్తుంది, ఆ వైరు బాగుంది. ఫ్యాన్, స్టీరింగ్, హెడ్‌లైట్లు మాత్రం బాడీ ఎర్త్ మీద ఆధారపడి ఉన్నాయి, తప్పు అందులో ఉంది.

ఇదే పరీక్షను బండి ఆపి, ఓమ్స్‌లో, అంటే వైరు నిరోధాన్ని కొలుస్తూ, చేస్తే ఏమీ తెలియదు. దెబ్బతిన్న వైరులో నాలుగైదు రాగి పోగులు మిగిలి ఉన్నా మీటరు దాన్ని మంచి వైరుగానే చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు అందులో పోయే కరెంటు అత్యల్పం. భారీ కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజీ తగ్గుదలను కొలిస్తేనే ఇలాంటి లోపం బయటపడుతుంది.

ఆ బాడీ ఎర్త్ వైరు బ్యాటరీ ట్రే కింద, బయటికి కనిపించని చోట బాడీకి బిగించి ఉంది. బ్యాటరీ తీసి చూస్తే, వైరు చివర బోల్టుకు బిగించే లోహపు లగ్ చుట్టూ ఆకుపచ్చ, తెలుపు కలిసిన పొడి దట్టంగా పట్టి ఉంది. లగ్‌ను వేలితో కదిపితే పొడి రాలి, లోపల నల్లబడిన పోగులు బయటపడ్డాయి. బ్యాటరీ నుంచి వచ్చే యాసిడ్ ఆవిరీ, వర్షాకాలపు నీళ్లూ కలిసి చేసిన పని అది. పాత వైరు తీసేసి, అంతకంటే కొంచెం లావు రాగి వైరుకు కొత్త లగ్‌లు నొక్కించి, బాడీ మీద ఆనే చోట లోహం మెరిసేదాకా ఎమ్రీ పేపరుతో రుద్ది, బిగించిన తరువాత పైన వ్యాజిలీన్ పూశారు. ఈ పని ఇంట్లో చేసుకునేవారు బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివరగా పెట్టాలి.

మళ్లీ అదే లోడు మీద కొలిస్తే బాడీ ఎర్త్ తగ్గుదల 0.08 వోల్టులకు వచ్చింది. ఫ్యాన్ చప్పుడు మారిన సంగతి మీటరు చూడకుండానే తెలిసింది. అదే రోజు కండెన్సర్, రేడియేటర్ రెక్కల మధ్య పట్టిన దుమ్మునూ, పురుగులనూ ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించాను. పెద్ద ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే పలుచటి అల్యూమినియం రెక్కలు వంగి గాలి దారినే మూసేస్తాయి.

ఇంకొక విషయం. బ్యాటరీ విప్పకముందే, బండి కంప్యూటర్లలో నమోదైన లోపాల కోడ్లను ఓబీడీ స్కానర్‌తో చదివి రాసుకోవాలి, ఎందుకంటే చాలా బళ్లలో బ్యాటరీ తీయగానే అవి చెరిగిపోతాయి. ఇంజన్ వైపు సిస్టమ్ వోల్టేజీ తక్కువని చెప్పే కోడ్ పీ0562. మా బండిలో అది లేదు, ఎందుకంటే ఇంజన్ కంప్యూటర్ ఎర్త్ మంచి వైరు ఉన్న ఇంజన్ బ్లాకు మీదే ఉంది. వోల్టేజీ తక్కువన్న ఫిర్యాదు స్టీరింగ్ కంట్రోల్ యూనిట్‌లోనే ఉండింది, దాన్ని చదవడానికి కేవలం ఇంజన్ కోడ్లు చూపే చౌక స్కానర్ చాలలేదు. బ్యాటరీ తిరిగి పెట్టాక స్టీరింగ్ లైటు ఇంకా వెలుగుతుంటే కంగారు పడనక్కరలేదు. కొన్ని బళ్లలో స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి కొంతదూరం నడిపితే ఆరిపోతుంది, కొన్నింటికి స్కానర్‌తో మధ్య స్థానాన్ని మళ్లీ నేర్పించాలి.