సీతానగరం రేవులో నేర్చిన మునక

దసరాకి బెజవాడంతా ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడి ఉంటే నేను జపాన్‌లో, ఒకినావా దగ్గర జమామి అనే చిన్న దీవిలో, ముక్కు మూసుకుని చెవులు ‘టప్’మనిపించడం నేర్చుకుంటున్నా. టోక్యోలో ఉండే మా బావమరిది చలవ. చెన్నై నుంచి నాహా దాకా పడ్డ పాట్లు వదిలేస్తా. నాహాలో తొమారి రేవు నుంచి రెండు రకాల పడవలున్నాయి. మామూలుది రెండు గంటలు, కాస్త చవక. వేగంగా పోయేది గంట, మనిషికి మూడు వేల యెన్ల పైమాటే. మావాడు రెండోదే అన్నాడు.

“ఆ డబ్బుతో సూర్యలంక నాలుగుసార్లు పోయి రావచ్చురా.”

“లెక్కలు ఇంటికెళ్లాక వేసుకుందువుగానీ, ముందు ఎక్కు బావా.”

సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో మునిగి, చేపల్నీ తాబేళ్లనీ చూసి రావడం, దాన్ని ఫ్రీడైవింగ్ అంటారు. ఒక రోజు పాఠానికి 15,000 యెన్లు. ఇచ్చేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే ఆ విద్య నాకు వచ్చనే నా నమ్మకం. మాది బెజవాడకి ఎదురొడ్డున, కృష్ణ పక్కనుండే సీతానగరం. 2016 పుష్కరాలకి ఘాట్లు ముస్తాబు కాకముందు నుంచీ ఆ నీళ్లు నాకు తెలుసు. వంతెన మీద రైలు రాగానే జనం కృష్ణమ్మకి చిల్లర విసిరేవాళ్లు. తాడుకి అయస్కాంతం కట్టి లాగే బ్యాచ్ వేరే ఉండేది. మాది మునిగి తెచ్చే బ్యాచ్. దానికో చిట్కా, పెద్దపిల్లలు నేర్పిందే: దూకే ముందు కొలిమితిత్తిలా పది పన్నెండుసార్లు గబగబా ఊపిరి లాగి వదలాలి. తల తేలికయ్యాక మునిగితే ఎంతసేపైనా ఉండొచ్చు. మా నాయనమ్మ ఒడ్డున నిలబడి, “కృష్ణమ్మ ఊరికే ఇవ్వదురా సచ్చినోడా” అని తిట్టేది.

గాహి అనే మనుషుల్లేని దీవి పక్కన పడవ ఆపారు. నా కొలిమితిత్తి మొదలుపెట్టా. పాఠం చెప్పే అమ్మాయి, నా కూతురి ఈడుది, భుజం మీద చెయ్యేసి ఆపేసింది. ఆమె చెబుతుంటే మావాడు తెలుగు చేస్తున్నాడు. ఊపిరి తీసుకోవాలన్న తపన ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టదట, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు పుడుతుందట. గబగబా ఊపిరి వదిలితే అది పోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. అంటే ఆ హెచ్చరిక గంట మోగకుండా నేనే నోరు కట్టేస్తున్నానన్నమాట. ఇక పైకి వస్తూ వస్తూ, ఇంకో రెండు బారల్లో గాలి అందుతుందనగా, చెప్పాపెట్టకుండా స్పృహ పోతుంది.

పరాయి దేశంలో డబ్బిచ్చి మరీ తప్పు పట్టించుకున్నానని అరగంట మొహం మాడ్చుకుని కూర్చున్నా. తర్వాత వాడు గుర్తొచ్చాడు. మా బ్యాచ్‌లో అందరికన్నా బాగా ఈదేవాడు. ఒకరోజు మునిగి లేవలేదు. సుడి లాగేసిందన్నారు. ఆ రోజు అక్కడ సుడి ఉన్నట్టు నాకైతే గుర్తులేదు.

ఆ తర్వాత బుద్ధిగా విన్నా. ఒకళ్లు మునిగితే ఇంకొకళ్లు పైనుంచి చూస్తుండాలి. నీళ్లలో ఉన్నదానికి రెట్టింపు సేపు పైన ఆగాలి. పది మీటర్ల లోతుకి ఊపిరితిత్తుల్లో గాలి సగానికి నలుగుతుంది. నేను ఆరు మీటర్లు దాటలేదు, చెవులు ఒప్పుకోలేదు. కింద పగడాల మధ్య రంగురంగుల చేపలు కనబడ్డాయి, అవి అందరూ రాస్తారు.

మర్నాడు పైసా ఖర్చు లేకుండా ఆమా బీచ్‌లో గ్రీన్ టర్టిల్ కనబడింది. ఛాతీ లోతు నీళ్లలో, గొడ్డు మేసినట్టు నింపాదిగా గడ్డి పీకి తింటోంది. ముట్టుకోకూడదు, వెంటపడకూడదు, పైకొచ్చే దారికి అడ్డు రాకూడదు. కాసేపటికి నా పక్కనే తల పైకెత్తింది. ‘హుఫ్’మని ఒక్క ఊపిరి, అంతే. మళ్లీ గడ్డిలోకి.

బతికున్న సముద్రపు తాబేల్ని చూడటం అదే మొదలు. సంక్రాంతి తర్వాత సూర్యలంక వెళ్లినప్పుడల్లా చూసింది ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లనే, ఉబ్బి, కుక్కలు పీకుతూ. వలలో చిక్కి పైకి రాలేక, ఊపిరాడక పోతాయవి. సముద్రంలో బతికే జీవి నీళ్లలో మునిగి చావడమేంటని అప్పట్లో నమ్మేవాణ్ణి కాదు.

రాత్రి భోజనానికి గోయా చంపురు, అంటే కాకరకాయ, టోఫు, గుడ్డు, పంది మాంసం కలిపి వేపింది. మా గుంటూరు కారప్పొడి చల్లుకుంటే దిగింది.

ఇంటికొచ్చిన మూడో రోజు రేవుకెళ్లా. నలుగురు పిల్లలు గబగబా ఊపిరి లాగుతున్నారు. ఆపి, ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పా. శ్రద్ధగానే విన్నారు. “మేం కూడా ఇట్టాగే చిల్లరకి మునిగేవాళ్లంరా” అన్నా కాస్త గొప్పగా.

“ఇప్పుడు చిల్లరెవడేస్తన్నాడంకుల్” అన్నాడొకడు. “అందరూ ఫోన్‌పేనేగా.”