ఎర్ర సముద్రం అడుగున ఓడల వయసు

సూయజ్ వైపు వెళ్లే ఓడలన్నీ ఎర్ర సముద్రం ఉత్తర భాగంలో గుబాల్ జలసంధిని దాటవలసి ఉంటుంది. ఆ దారి మొదట్లోనే, నీటిమట్టానికి కాస్త దిగువగా, షాబ్ అబూ నుహాస్ అనే పగడపు దిబ్బ ఉంది. గాలి వీస్తున్న పగటివేళ దాని మీద విరిగే నురగ దూరానికే కనిపిస్తుంది గానీ, అలలు లేని రాత్రి దాన్ని పసిగట్టడం కష్టం. అందుకే ఆ దిబ్బ ఉత్తరపు అంచు వెంబడి వేర్వేరు కాలాలకు చెందిన ఓడలు ఒకదాని సమీపంలో ఒకటి పడి ఉన్నాయి. ఈజిప్టులోని హుర్గదా రేవు నుంచి బయలుదేరి, పడవ మీదనే తిని, అక్కడే పడుకుని, రోజూ నీళ్లలోకి దిగే యాత్రను మేము ఎంచుకోవడానికి కారణం ఈ ఓడలే.

డైవింగ్‌లో తొలి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉన్నవారికి అనుమతించిన లోతు 18 మీటర్లు. ఇక్కడి ఓడలు చాలావరకు 20 నుంచి 30 మీటర్ల మధ్య ఉన్నందువల్ల అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా పూర్తి చేసి ఉండాలి. ఎర్ర సముద్రంలో ఉప్పు మామూలు సముద్రాలలో కంటే ఎక్కువ, లీటరుకు సుమారు 40 గ్రాములు. నడుముకు కట్టుకునే సీసపు బరువులను ఆ మేరకు పెంచుకుంటే తప్ప శరీరం కిందికి దిగదు. తొలి డైవ్ ఈ తూకం సరిచూసుకోవడానికే సరిపోయింది.

మొదట చూసినది జియానిస్ డి. రంపపు కలపతో వస్తూ 1983 ఏప్రిల్‌లో దిబ్బకు గుద్దుకున్న గ్రీకు సరుకు ఓడ ఇది. దీని వెనుక భాగం చెక్కుచెదరకుండా, ఒక పక్కకు బాగా ఒరిగి ఉంది. ఇంజన్ గదిలోకి ప్రవేశించిన క్షణం నుంచి కంటికీ బుద్ధికీ పొంతన కుదరలేదు. మెట్లు, రెయిలింగులు, గోడలు అన్నీ ఏటవాలుగా ఉంటే, మనం వదిలిన గాలిబుడగలు మాత్రం నిట్టనిలువుగా పైకి పోతూ ఉంటాయి. ఏది పైదిశో తెలుసుకోవడానికి ఆ బుడగలనే నమ్ముకోవలసి వచ్చింది. ఇనుము మీద అక్కడక్కడ మెత్తటి పగడాలు మొలిచాయి కానీ, దీన్ని చూసిన ఎవరైనా ఓడ అనే అంటారు, దిబ్బ అనరు.

దానికి కొద్ది దూరంలోనే ఉన్న కర్ణాటిక్ సంగతి వేరు. పీ అండ్ ఓ కంపెనీకి చెందిన ఈ ఆవిరి ఓడ 1869 సెప్టెంబరులో సూయజ్ నుంచి బొంబాయికి ప్రయాణికులను, టపాను, 40,000 పౌండ్ల విలువైన బంగారాన్ని తీసుకువెళుతూ రాత్రివేళ ఈ దిబ్బ ఎక్కింది. సూయజ్ కాలువను ప్రారంభించడానికి అప్పటికి ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. పంపులు పనిచేస్తున్నాయన్న ధీమాతో, తమ కంపెనీకే చెందిన మరో ఓడ త్వరలో ఆ దారిన వస్తుందన్న ఆశతో, కెప్టెన్ ప్రయాణికులను పడవల్లోకి దింపలేదు. ఆ రోజంతా, మరుసటి రాత్రంతా వారు దిబ్బకు చిక్కిన ఓడలోనే గడిపారు. ఆ మర్నాడు ఉదయం ఓడ రెండుగా విరిగి, 31 మంది చనిపోయారు. మిగిలినవారు సమీపంలోని షద్వాన్ దీవికి చేరుకున్నారు. బంగారంలో అధికభాగాన్ని ఆ తర్వాత కొద్ది వారాల్లోనే డైవర్లు వెలికితీశారు.

ఈ ఓడ మీది చెక్క పలకలన్నీ ఎప్పుడో కుళ్లి పోయాయి. మిగిలినవి పక్కటెముకల్లా నిలిచిన ఇనుప కమ్ములు మాత్రమే. వాటి సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా లోపలికి పడుతుంటే, పారదర్శకమైన చిన్న చేపలు గుంపులుగా ఆ వెలుగులోకీ నీడలోకీ జరుగుతున్నాయి. ఒక కమ్మికి వేలాడుతున్న మెత్తటి పగడం మామూలు చూపుకు బూడిద రంగులో ఉంది. టార్చి వేయగానే ముదురు ఎరుపుకు తిరిగింది. ఎండలోని ఎరుపును పైనున్న నీరే పీల్చుకుంటుంది కనుక ఆ లోతులో దీపం లేకపోతే ఎరుపన్నదే కనిపించదు. ఎక్కడ ఇనుము ఆగి ఎక్కడ పగడం మొదలైందో చాలాచోట్ల నేను చెప్పలేకపోయాను. పగడపు పిల్లజీవులు నీటిలో కొట్టుకుపోతూ గట్టి ఆధారం దొరికిన చోట అతుక్కుంటాయి. రాయి అయినా ఇనుమైనా వాటికి ఒకటే. గట్టి పగడాల్లో గుండ్రటి రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయంటే, ఈ ఓడ మీద పరచుకున్న పొరకు ఎంత కాలం పట్టిందో ఊహించవచ్చు.

ఈ రెండింటినీ చూసిన తర్వాత తిసిల్‌గార్మ్ దగ్గరకు వెళ్లడం మంచిదైంది. కాలాన్ని బట్టి లెక్కిస్తే ఇది ఆ రెంటికీ నడుమ ఉండాలి. బ్రిటిష్ సైన్యానికి సామగ్రి మోస్తూ, మధ్యధరా ప్రమాదకరంగా ఉన్నందున ఆఫ్రికాను చుట్టి వచ్చి, సూయజ్ దాటడానికి అనుమతి కోసం లంగరు వేసుకుని ఉన్న ఈ ఓడపై 1941 అక్టోబరు 6వ తేదీ తెల్లవారుజామున జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. వెనుక భాగంలోని మందుగుండు పేలడంతో ఓడ చీలిపోయింది, తొమ్మిది మంది మరణించారు. డెక్ మీద ఉన్న రెండు రైలు ఇంజన్లు ఆ పేలుడుకు ఎగిరిపడి, నేటికీ ఓడకు ఇరుపక్కలా ఇసుకలో ఉన్నాయి.

ప్రవాహం బలంగా ఉన్నందువల్ల తాడును ఒక్కో చేత్తో అందుకుంటూ, చెవుల ఒత్తిడిని సరిచేసుకుంటూ దిగాము. సరుకు గదుల్లో బెడ్‌ఫోర్డ్ ట్రక్కులు, వాటి వెనుక భాగంలో బీఎస్‌ఏ మోటారు సైకిళ్లు ఎక్కించిన వరుసలోనే ఉన్నాయి. ఒక బండికి సీటు తోలు పోయి స్ప్రింగులు తేలాయి, టైర్ల గాట్లు మాత్రం చెరగలేదు. పెట్రోలు ట్యాంకు కింద పెద్ద కళ్ల ఎర్ర చేప ఒకటి కదలకుండా మమ్మల్నే చూస్తోంది. మరో మూల రబ్బరు బూట్లు కుప్పగా ఉన్నాయి. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే నాలుగింతలు కాబట్టి సిలిండరులోని గాలీ అదే వేగంతో తరుగుతుంది. ఆక్సిజన్ పాలు పెంచిన నైట్రాక్స్ వాడడం వల్ల శరీరంలో నత్రజని ఎక్కువగా కరుగుతుందన్న భయం లేకుండా కొన్ని అదనపు నిమిషాలు దొరికాయి గానీ, ఆ గదులకు అవి ఏ మూలకూ చాలవు.

ఇంతటి ఓడ శిథిలమవుతున్న తీరు మాత్రం నాకు బాధ కలిగించింది. సందర్శక పడవలు ఏళ్ల తరబడి దీని రెయిలింగులకే తాళ్లు కట్టి లాగాయి. బండ్ల విడిభాగాలను జ్ఞాపికలుగా ఊడదీసుకుపోయినవారూ ఉన్నారు. లోపల తిరిగే డైవర్ల బుడగలు పైకప్పు కింద నిలిచిపోయి తుప్పును వేగిరపరుస్తాయి, ఆ లెక్కన నేనూ ఆ పాపంలో భాగస్వామినే. ఒకేసారి దిగేవారి సంఖ్యకు కచ్చితమైన పరిమితి ఉండాలన్నది నా అభిప్రాయం.

చివరి మజిలీ రాస్ మొహమ్మద్. 1983లో ఏర్పడిన ఈజిప్టు తొలి జాతీయ ఉద్యానం ఇది. షార్క్ రీఫ్ గోడ వందల మీటర్ల లోతుకు నిలువునా దిగుతుంది, దాని ముందు నారింజ రంగు చేపలు వేలాదిగా ప్రవాహానికి ఎదురీదుతుంటాయి. పక్కనున్న యొలాండా రీఫ్‌కు ఆ పేరు 1980లో అక్కడ చిక్కుకున్న ఓడ వల్ల వచ్చింది. ఓడ ఆ తర్వాత అగాధంలోకి జారిపోయినా, అది మోసుకొచ్చిన పింగాణీ కమోడ్లు మాత్రం ఇసుకలో మిగిలాయి. భూమ్మీద ఇంతకంటే అందమైన పరిసరాల్లో కమోడ్లు మరెక్కడా ఉండవు.

డైవింగ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటల విరామం ఉండాలి గనుక ఆఖరి రోజు నీళ్లలోకి దిగలేదు. ఆ తీరికలో గైడ్‌ను రోసలీ మోలర్ గురించి అడిగాను. తిసిల్‌గార్మ్ మునిగిన రెండు రోజులకే, అదే జలసంధిలో, అదే విధమైన దాడికి గురైన 1910 నాటి ఓడ అది. సుమారు 50 మీటర్ల లోతులో నిటారుగా కూర్చుని ఉందట. దాన్ని పూర్తిగా చూడాలంటే మా దగ్గరున్న సర్టిఫికెట్లు చాలవని, ముందు మరింత లోతుకు దిగే పద్ధతి అయిన టెక్నికల్ డైవింగ్ నేర్చుకుని రమ్మని ఆయన సలహా ఇచ్చారు.