పులికాట్‌లో మిర్రర్ లెన్స్‌తో రెండు రోజులు: నా అనుభవం

దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే పెద్ద టెలిఫోటో లెన్స్ కొనే స్తోమత లేక సెకండ్‌హ్యాండ్‌లో 500 ఎంఎం ఎఫ్/8 (ఎఫ్ అంకె వెలుతురు లోపలికి వచ్చే దారి ఎంత పెద్దదో చెబుతుంది) మిర్రర్ లెన్స్ తీసుకున్నాను. వెలుతురు లోపల రెండు అద్దాల మీద పడి వెనక్కీ ముందుకీ తిరిగి వస్తుంది కాబట్టి లెన్స్ పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది. జనవరిలో దాంతోనే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను తీద్దామని వెళ్లాను.

మొదటి రోజంతా పోయింది. లాడ్జిలో ఏసీ గదిలో ఉంచిన లెన్స్‌ని తెల్లవారకముందే సరస్సు గాలిలోకి తీసేసరికి ముందు గాజంతా చెమ్మ పట్టింది, తుడిచినా మళ్లీ పట్టింది, అది ఆరేదాకా ఆగడం తప్ప మార్గం లేదు. ఆ తర్వాత తీసినవన్నీ మసకే. లెన్స్ పాడైందేమోనని చాలా టెన్షన్ పడ్డాను.

రాత్రి గదిలో ఒక్కో ఫొటో పెద్దది చేసి చూస్తే రెండు తప్పులు దొరికాయి. ఈ లెన్స్‌కి కెమెరాతో ఎలక్ట్రానిక్ సంబంధం ఉండదు, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద ఉండే ఎంఎం అంకె) మనమే కెమెరాకి చెప్పాలి. నా కెమెరాలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) 500కి మార్చకపోవడంతో పాత లెన్స్‌కి పెట్టిన 50 దగ్గరే ఉండిపోయింది. రెండోది, ఫోకస్ రింగ్‌ని చివరిదాకా తిప్పి అదే ఇన్ఫినిటీ, అంటే చాలా దూరంలో ఉన్నవి స్పష్టంగా వచ్చే చోటు అనుకున్నాను. వేడికీ చలికీ ఫోకస్ కాస్త పక్కకి జరిగిపోతుందని ఈ లెన్సుల్లో రింగ్ ఇన్ఫినిటీ దాటి కూడా తిరిగేలా చేస్తారు.

మళ్లీ చెమ్మ పట్టకుండా ఆ రాత్రే లెన్స్ సంచిని వరండాలో పెట్టాను. రెండో రోజు పొద్దున ట్రైపాడ్ మీద బిగించి, కెమెరా తెర మీద బొమ్మని పది రెట్లు పెద్దది చేసి, ఫ్లెమింగో ముక్కు చివర ఉండే నల్ల మొన మీద దృష్టి పెట్టి రింగ్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపాను. గులాబీ రంగుకీ నలుపుకీ మధ్య గీత స్పష్టంగా తేలిన చోట ఆపాలి. ఎఫ్/8 మార్చడానికి లేదు, పైగా మధ్యలో ఉన్న చిన్న అద్దం కొంత వెలుతురుని అడ్డుకుంటుంది, అందుకని షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు కంటే తగ్గనివ్వకుండా ఐఎస్ఓనే (వెలుతురుకి కెమెరా స్పందించే తీరుని) 3200 దాకా పెంచాను. గ్రెయిన్ (ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) వస్తే రానీ, కదిలిపోయిన ఫొటోని మాత్రం ఎవరూ బాగు చేయలేరు.

ఎండ రాగానే నీటి మీది తళుకులన్నీ వెనకాల గారెల్లాంటి గుండ్రటి రింగులైపోయాయి. నాకవి అస్సలు నచ్చవు. సూర్యుడు వీపు వెనకాల ఉండేలా రోడ్డుకి రెండో పక్కకి మారితే చాలావరకు పోయాయి. తొమ్మిదిన్నర దాటాక గాలి వేడెక్కి పక్షుల కాళ్లు నీళ్లలో దారాల్లా వణకడం మొదలైంది. దూరం అంతే ఉంటే దానికి ఏ లెన్సూ మందు కాదు, మూటకట్టేశాను.

ఆ పొద్దున నూట నలభై ఫొటోల్లో నిలిచినవి పదకొండు. కాంట్రాస్ట్ చప్పగా ఉంటే కంప్యూటర్‌లో కాస్త పెంచాను. ఒకదాంట్లో నల్ల మొన నుంచి జారబోతున్న నీటిచుక్క కూడా కనిపిస్తోంది.